కుక్కపిల్లల్ని సాకుతున్న ఇంటికి దెబ్బ తగిలిన కుక్క వస్తే ఏం చేయాలి, ఎలా చేయాలి

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన గోదావరి డెల్టాలో ఏ వీధి చూసినా కుక్కపిల్లలే. అరటితోటలో, ధాన్యం బస్తాల చాటున, మూసేసిన షాపు మెట్ల కింద ఈనేసి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే సార్వా కోతలు, రోడ్ల మీద ధాన్యం ట్రాక్టర్లు, కోత మిషన్లు, ఆ తర్వాత పండక్కి దిగే కార్లు. యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా పోయే 216 హైవే పక్కన ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకే తల్లిలేని కూనల్ని ఇంటికి తెచ్చుకుని సాకుతున్నవాళ్ళ దగ్గరికే "మీరు కుక్కల్ని చూస్తారంట కదండి" అంటూ ఎవరో ఒకరు కాలు విరిగిన కుక్కని కూడా తీసుకొస్తారు.

రెండూ చూడగలమా అని టెన్షన్ పడకండి, చూడొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా పెట్టుకోండి. ఆ దెబ్బ తగిలిన కుక్క ఎలాగూ కదల్లేదు. దాని దగ్గర్నుంచి టీకాలు పడని కూనల దాకా జబ్బు వెళ్ళిందంటే అది మన చేతుల మీద, మన చెప్పుల మీద, మన బట్టల మీదే వెళ్తుంది. కింద చెప్పేదంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని: మీరు కరిపించుకోకుండా పట్టుకోవడం

ఎంత మంచి కుక్కైనా నొప్పితో ఉన్నప్పుడు కరుస్తుంది, రోజూ మీ చేతి అన్నం తిన్నదైనా సరే. ఎదురుగా వెళ్ళి మీద వంగకండి, పక్కనుంచి నెమ్మదిగా, మాట్లాడుతూ వెళ్ళండి. పాత చున్నీ గానీ, కండువా గానీ తీసుకుని ముడి వదులుగా ఉచ్చులా వేసి మూతి మీదుగా జార్చి బిగించండి, రెండు కొసలూ గడ్డం కిందకి తెచ్చి ఒకసారి మెలేసి, చెవుల వెనకాల ముడి వేయండి. కుక్క వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా, మూతికే దెబ్బ తగిలినా ఈ పని చేయొద్దు. కట్టినా సరే ఎక్కువసేపు ఉంచకండి, కుక్క ఒంట్లో వేడి దిగేదే నోరు తెరిచి రొప్పడం వల్ల, మన ఉక్కపోతకి నోరు కట్టేసి ఉంచితే అదే ఇంకో ప్రమాదం.

ఎత్తేటప్పుడు కాళ్ళు పట్టుకుని లాగొద్దండి. వెన్నుకి దెబ్బ తగిలిందో లేదో మనకి తెలియదు. చెక్క పలక గానీ, గట్టి అట్ట గానీ పక్కన పెట్టి దుప్పటితో సహా దాని మీదకి జరిపి, ఇద్దరు కలిసి ఎత్తండి. ఏమీ దొరక్కపోతే గోనెపట్టా పరిచి నాలుగు మూలలూ పట్టుకోవచ్చు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి నొక్కి పట్టుకోండి, ఐదు పది నిమిషాలు ఎత్తి చూడకుండా. తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకో గుడ్డ వేయండి. తర్వాత పెదవి పైకెత్తి చిగురు చూడండి. గులాబీరంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్ళీ రంగు రావాలి. చిగురే తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతోందనుకోవాలి, ఇక ఆగకుండా డాక్టరు దగ్గరికే. పుట్టుకతోనే నల్ల చిగుళ్ళున్న కుక్కకైతే కింది కనురెప్ప లోపలి రంగు చూడండి.

ఫోన్ విషయానికొస్తే, 1962కి చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెప్తారు. అది ప్రధానంగా ఆవులూ గేదెల కోసం నడిచేదే అయినా అడగడంలో తప్పులేదు. మీ ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటే వాళ్ళ నంబరు ముందే ఫోన్లో పెట్టుకోండి, రాత్రి పది గంటలకి వెతుక్కునే పని ఉండదు. ఎముక విరిగితే మాత్రం ఎక్స్‌రే ఉన్నచోటికి పోవాల్సిందే, అంటే రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళకి. బయల్దేరేముందు ఫోన్ చేసి డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి.

ఇంతలో కుక్క పన్ను గానీ గోరు గానీ మీకు తగిలి చర్మం చీరుకుంటే, మిగతావన్నీ పక్కన పెట్టి పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, వాచీ చూసుకుని మరీ. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదలుపెట్టిన రోజుని సున్నాగా లెక్కపెట్టి ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్, అంటే టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే ఇంజెక్షన్, కూడా వేయాలి, మీరే గుర్తుచేసి అడగండి. "చిన్న గీతే కదా", "కూనే కదా" అని వదిలేయకండి, కూనలకీ రేబిస్ వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు లేదు. ఎప్పుడూ కుక్కల్ని తెచ్చి చూసేవాళ్ళు ముందస్తుగా వేయించుకునే టీకా గురించి డాక్టర్ని అడిగి ఆ పని ముగించేసుకోవడం నయం.

ఇంట్లో చోట్లు విడగొట్టడం

కూనలు లోపలి గదిలో, దెబ్బ తగిలిన కుక్క వెనక వరండాలో లేదా వాడని బాత్రూంలో. తిరగేసి పెట్టొద్దు, ఎందుకంటే వచ్చినవాళ్ళంతా నడిచేది వరండాలోనే. పశువుల కొట్టంలో ఒక మూలన పడేద్దాం అని చాలామంది అంటారు గానీ, అక్కడ ఈగలు, పిడుదులు, పేడ తడి. పుండున్న కుక్కకి అంతకంటే చెడ్డ చోటు లేదు.

కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద మందంగా మడతపెట్టిన పాత దుప్పటి, పైన రోజూ మార్చుకోగలిగే పాత చీర ముక్కలు. వరిగడ్డి వేయొద్దండి, మన దగ్గరి తేమకి రెండు రోజుల్లో ముక్కి బూజు పడుతుంది. దీనికంతటికీ పైన ఒక దోమతెర కట్టండి. దోమల కంటే ముందు ఈగల కోసం. ఈగ పుండు మీద వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజు తిరిగేలోపే పురుగులు తయారవుతాయి. మందులకి పెట్టే డబ్బు, పడే శ్రమ ఈ తెర ఒక్కటీ చాలావరకు తప్పిస్తుంది.

కూనలకి లోతైన అట్టపెట్టె గానీ, రొయ్యల చెరువుల దగ్గర వాడే పెద్ద ప్లాస్టిక్ ట్రే గానీ బాగా కడిగి వాడుకోవచ్చు. వాటి గిన్నెలు వేరు, దీని గిన్నెలు వేరు. తుడిచే గుడ్డ వేరు, చీపురు వేరు. రంగుల తేడాతో పెట్టుకుంటే ఇంట్లో ఎవరు పని చేసినా గందరగోళం ఉండదు.

రోజూ ఏ వరసలో చేయాలి

పొద్దున్నే లేచి ముందు కూనల పని పూర్తిగా. తర్వాతే దెబ్బ తగిలిన కుక్క. దాని పని అయ్యాక చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకోండి. వరండాలో వాడే చెప్పులు వరండా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మధ్యలో కూన అరిచింది కదా అని గాయం కడుగుతున్న చేతుల్తో లేచి వెళ్ళొద్దు, అరవనివ్వండి.

ఈ వరస తిరగబడేది ఒక్కచోటే. కూనల్లో ఏదైనా తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నెత్తురుతో కలిసి కంపుకొట్టే విరేచనం పెడుతుంటే అది పార్వో అనే అంటుజబ్బు కావచ్చు. అప్పుడు ఆ కూనని మిగతా వాటినుంచి విడదీసి, దాని పని అన్నిటికన్నా చివర్లో చేయాలి. వీధికుక్కకి కూడా టీకాలు పడి ఉండవు కదా. పార్వో వైరస్ మొండిది, నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చేతులకి రాసుకునే శానిటైజర్‌తో చావదు, ఫినాయిల్‌ని కూడా నమ్ముకోలేం. ముందు మలం అంతా తీసేసి సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాత ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి నేల మీద పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగేయండి. ముందు మురికి పోకపోతే బ్లీచ్ పని చేయదు. ఆ సమయంలో కుక్కలు అక్కడ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. పార్వో అని అనుమానం వచ్చిన రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, చిన్న కూనలు నీరు పోయి గంటల్లో పడిపోతాయి.

కూనలకి పెట్టాల్సినవి

కళ్ళు తెరవలేదంటే రెండు వారాలు నిండలేదని. పాలపళ్ళు కనిపిస్తున్నాయంటే మూడు వారాలు దాటినట్టే. వయసుని బట్టే అన్నీ.

గేదెపాలు మన ఇళ్ళలో ఉంటాయి కాబట్టి చేయి అటే పోతుంది. ఆవుపాలైనా గేదెపాలైనా చాలా కూనలకి విరేచనాలు పట్టిస్తాయి. కూనల కోసమే అమ్మే పాలపొడి పెంపుడు జంతువుల షాపుల్లో దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలతలో కలపండి. ఆ రాత్రికి దొరక్కపోతే మేకపాలు కాస్త నయం. మరీ చిన్నవాటికి రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్ళు కూడా.

పట్టే తీరు ముఖ్యం. చంటిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కూనని టవల్ మీద బోర్లా పెట్టండి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలా, తల కాస్త పైకి. చుక్క మణికట్టు మీద వేసుకుంటే గోరువెచ్చగా తెలియాలి. సీసాని పిండకండి, అదే చప్పరించాలి. ముక్కులోంచి పాలు బుడగలా వస్తే వెంటనే ఆపండి. తాగాక వెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో పొట్ట కిందా తోక కిందా మెల్లగా రుద్దితే అప్పుడే మూత్రం పోస్తాయి, మూడు వారాల లోపు కూనలకి అది వాటంతట రాదు.

ముట్టుకుంటే చల్లగా ఉన్న కూనకి పాలు పట్టొద్దు. ముందు వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నెమ్మదిగా వెచ్చబడ్డాకే. ధనుర్మాసం తెల్లవారుజామున మంచు పడేటప్పుడు ఈ తప్పు వల్లే చాలా కూనలు పోతాయి. పెట్టెలో ఒక పక్కే వేడి ఉండాలి, ఎక్కువైతే అవే పక్కకి జరుగుతాయి.

రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసులో తూచి కాగితం మీద రాయండి. బరువు పెరగకుండా ఒక రోజు ఆగిందంటే కనిపెట్టాలి, తగ్గితే డాక్టరుకి ఫోన్ చేయాలి. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచే, రెండు వారాలకోసారి, బరువుని బట్టి డాక్టరు చెప్పినంత. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకి. మన వరిచేలలో, మురుగు కాలవల్లో ఎలుకలు ఎక్కువ కాబట్టి లెప్టోస్పైరోసిస్ కూడా కలిసిన టీకా ఉందా అని అడగండి, అది ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి కుక్కలకీ మనకీ కూడా వచ్చే జబ్బు.

గాయం కడగడం

ఇక్కడ తొందర పనికిరాదు. కత్తెరతో గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి, అంచుల కింద ఏం దాగుందో అప్పుడే తెలుస్తుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో చెంచాన్నర ఉప్పు కలిపితే సెలైన్‌కి దగ్గరగా ఉంటుంది. సూది తీసేసిన పెద్ద సిరంజీతో ధారగా కొట్టండి, మురికి అదే కొట్టుకుపోతుంది. తర్వాత బెటాడిన్ ద్రావణాన్ని పల్చటి డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి పోయండి, చిక్కగా పోస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది.

పసుపు, కాఫీపొడి కుక్కొద్దు. ముద్దకట్టి గాయాన్ని కప్పేస్తాయి, డాక్టరు గంటసేపు వాటిని తీయడానికే పడతారు. కిరసనాయిలు, పెట్రోలు అసలే వద్దు. పురుగుల సంగతేమో గానీ కుక్క కండ కాలిపోతుంది, నాకితే కడుపులోకి పోతుంది. పెద్దవాళ్ళు చెప్తే వినయంగానే కాదనండి, కానీ కాదనండి.

పురుగులు పట్టిన గాయం పైకి చిన్న రంధ్రంలా కనిపిస్తుంది. కుళ్ళు వాసన వస్తుంది, కుక్క అదే చోట పదే పదే నాకుతుంది, దగ్గరగా టార్చి వేసి చూస్తే లోపల తెల్లగా ఏదో కదులుతుంది. చర్మం కింద అరచేయంత వెడల్పున తిని ఉండొచ్చు. పురుగుల కోసం అమ్మే స్ప్రే కొట్టి కాసేపాగితే అవి ఊపిరాడక పైకి వస్తాయి, అప్పుడు మొద్దు మొనల పట్టకారుతో ఒక్కొక్కటీ తీయండి. ఒక్కరోజులో అయిపోయిందనుకోకండి, లోపల మిగిలినవి మర్నాడు వస్తాయి. కన్ను, చెవి, నోరు, మలద్వారం దగ్గరైతే మీరు చేయొద్దు, డాక్టరే చేయాలి. ఐవర్‌మెక్టిన్ లాంటి పురుగుల మందులు పక్కూరి గేదెకి వేసిన లెక్కలో వేయొద్దండి, బరువుకి తగ్గ మోతాదు తప్పితే, కొన్ని జాతులకైతే మామూలు మోతాదుకే, మెదడు మీద పనిచేసి ప్రాణం తీస్తుంది.

గాయం నాకకుండా మెడకి తొడిగే గరాటు లాంటి కోన్ దొరక్కపోతే అడుగు కోసేసిన చిన్న ప్లాస్టిక్ బకెట్ చాలు, కోసిన అంచుకి గుడ్డ కుట్టి కాలరుకి కట్టండి.

నొప్పి తగ్గడానికి మన మందుల డబ్బాలోంచి ఏమీ ఇవ్వొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలు పాడుచేస్తాయి, పారాసెటమాల్ కూడా మనంతట మనం వేసేది కాదు. డాక్టరు రాసిన మాత్రలు ఉడికిన గుడ్డు పచ్చసొనలో పెట్టి ఇస్తే ఇట్టే మింగుతాయి. యాంటీబయాటిక్ మాత్రం గాయం బాగుందని మధ్యలో ఆపొద్దు. ఏ మందు ఎప్పుడు వేశారో గోడ క్యాలెండర్ మీద రాయండి, కూనల మందు సిరప్ కుక్కకీ, కుక్క మాత్ర కూనలకీ పడిపోయే ప్రమాదం నిజంగా ఉంటుంది.

లేవలేని కుక్కైతే

రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే తుంటి దగ్గర, మోచేతుల దగ్గర ఒరిసి కొత్త పుండ్లు లేస్తాయి. మూత్రం పోసిందా లేదా అన్నది తిండి కంటే ముందు గమనించాలి. రోజంతా పోయకపోయినా, పొట్ట కింద గట్టిగా తగులుతున్నా ఆ రోజే డాక్టరుకి చూపించి, మూత్రాశయం నొక్కి ఖాళీ చేయడం ఆయన దగ్గరే చేయి పట్టి నేర్చుకోండి. చదివి చేసే పని కాదది. కట్టు వేసిన కాలుకి కింద వేళ్ళు రోజుకి రెండుసార్లు చూడండి. వాచినా, చల్లబడినా, వాసన వచ్చినా కట్టు విప్పించాలి. వానాకాలం బయటకి తీసుకెళ్ళేటప్పుడు కట్టుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయండి.

ఒంటి వేడి లెక్క: 100 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు కుక్కకి సహజమే. 104 దాటినా, 99 కంటే తగ్గినా ఫోన్ చేయండి.

దెబ్బ తగిలిన కుక్కే ఆ కూనల తల్లి అయితే

అప్పుడు పైన చెప్పిన విడగొట్టడం కొంత మారుతుంది. తల్లి వాటిని రానిస్తుంటే పక్కన కూర్చుని, గాయానికి గుడ్డ అడ్డం పెట్టి పాలు తాగనివ్వండి, తాగాక తీసేయండి. గుర్రుమంటే బలవంతం చేయొద్దు, నొప్పిలో సొంత పిల్లల్నే కరుస్తుంది. పాలిచ్చే తల్లి అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి, కొన్ని మందులు పాలలోకి దిగుతాయి. పొదుగు దగ్గర పురుగుల స్ప్రే కొట్టొద్దు. ఒక స్తనం ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంటే చీము పట్టిందేమో చూపించాలి, అప్పటిదాకా కూనలకి సీసా పాలే. తిండి మామూలుకి రెండింతలు పెట్టినా తింటుంది, పెట్టండి. చేప పెడితే ముల్లు తీసి పెట్టండి.

వరద రోజుల్లో

లంక గ్రామాల వాళ్ళు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే, అంటే 10 లక్షల క్యూసెక్కులప్పుడే, సంచీ సర్దుకోండి. కుక్కల మందులు, పాలపొడి, సిరంజీలు, రెండు తాళ్ళు, గట్టి మూత ఉన్న డబ్బాలో బరువుల కాగితం. 13 లక్షలకి రెండో హెచ్చరిక వచ్చేసరికి కూనల ట్రే, కదల్లేని కుక్క గట్టు మీదో బంధువుల ఇంటి డాబా మీదో ఉండాలి. పడవల్లో జనాన్ని ఎక్కించే హడావిడిలో కాలు విరిగిన కుక్కని ఎక్కించుకోమని అడగడం చాలా కష్టం. ఏ కుక్కనీ కట్టేసి వెళ్ళొద్దు. వరదనీళ్ళు గాయానికి తగిలితే పైన చెప్పినట్టు మళ్ళీ మొదట్నుంచీ కడగండి. నీళ్ళు తీసేటప్పుడు పాములు వరండాల్లోకే వస్తాయి, రాత్రి టార్చి లేకుండా కుక్కల దగ్గరికి వెళ్ళకండి.

కలపడం, పంపడం

గాయం పూర్తిగా మూసుకుని, కుక్కకి రేబిస్ టీకాతో పాటు మిగతా టీకాలూ పడి, పిడుదులు పోయి, కూనలకి కూడా టీకాల వరస పూర్తయ్యేదాకా ముక్కూ ముక్కూ కలపొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో వాళ్ళు ఒకదాన్ని ముద్దాడి ఇంకోదాని దగ్గరికి పరుగెడతారు, ఆ తలుపుకి పైన గడియ పెట్టండి.

కోలుకున్న వీధికుక్కని ఊరవతల వదిలేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. కొత్త చోట వేరే కుక్కలు దాన్ని బతకనివ్వవు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనూ, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కని పట్టుకున్న చోటే వదలాలని ఉంది. కాబట్టి మీ దగ్గర ఉన్నప్పుడే, ఒళ్ళు పుంజుకున్నాక, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించి దాని వీధికే పంపండి, అక్కడ అన్నం పెట్టేవాళ్ళకి మందుల చీటీ ఇవ్వండి. పాలిచ్చే తల్లైతే పాలు ఇంకిపోయాక ఎప్పుడు చేయాలో డాక్టరు చెప్తారు.

కూనల్ని ఎనిమిది వారాలు నిండకముందు ఎవరికీ ఇవ్వకండి. అడిగినవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి చూడండి, గొలుసుతో రోజంతా కట్టేసే ఇల్లా, లోపల తిరగనిచ్చే ఇల్లా అన్నది వాకిట్లోనే తెలిసిపోతుంది. ఆడపిల్లని అయితే తీసుకోం అనేవాళ్ళకి ఆపరేషన్ చేయించే బాధ్యతలో మీరూ తోడుంటామని చెప్పండి, చాలామంది అక్కడ ఒప్పుకుంటారు. టీకాల కార్డు, తర్వాతి టీకా తారీఖు, అలవాటైన తిండి నాలుగు రోజులకి సరిపడా కట్టి ఇవ్వండి, ఆ తారీఖుకి మీరే ఒక ఫోన్ చేయండి.